మోకాలి లోతు దేశం

గుల్లదిబ్బ గణతంత్రం, వంతుపెద్ద చిట్టా

భాద్రపద అమావాస్య

ఇవాళ పొద్దున్నే దేశం నా నెత్తిన పడింది. నిరుటి వంతుపెద్ద పోలయ్య గారు ఉప్పు తుడిచే కుచ్చూ, మంచినీళ్ళ యంత్రం తాళమూ, చెప్పింది రాసుకునే ఈ పలుకుడబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి "అమ్మయ్య" అన్నారు. ఏడాది తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. మాకు అధ్యక్షులూ మంత్రులూ లేరు. ఏడాదికో ఇంటి వంతు. ఆ ఇంట్లోంచి తప్పించుకోలేని మనిషి ఎవరైతే వాళ్ళే పెద్ద. మా ఆయన దానయ్యకు నిన్న సాయంత్రం ఉన్నట్టుండి నడుంనొప్పి వచ్చింది. అలా నేను, చోడిపల్లి అసిరమ్మ, గుల్లదిబ్బను ఏలుతున్నాను.

ఏలడమంటే ఏమిటో కూడా చెప్పాలి. తెల్లారగానే నీళ్ళలో పాతిన నిట్టాళ్ళ మీద లేపిన ఇళ్ళ కప్పులెక్కి ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. తుడవకపోతే మంచినీళ్ళ యంత్రం మొరాయిస్తుంది. ఆ తర్వాత ఇంటింటికీ నీళ్ళు వదలాలి. నా బిందె ముందా నీ బిందె ముందా అన్న గొడవలు తీర్చాలి. సాయంత్రం ఈ డబ్బాకు జరిగిందంతా చెప్పాలి. చిట్టా రాతభాషలో ఉండాలట, జనం మాట మాత్రం నోట ఎలా వచ్చిందో అలాగే దిగాలట. ముత్తాతలు పెట్టిన నియమం. ఆ ముత్తాతలకు కప్పులెక్కే పని లేనట్టుంది.

కుచ్చు ఇంకా తడి ఆరకముందే సాగర మండలి నుంచి కబురొచ్చింది. తీరాలు మునిగాక ఏది దేశమో ఏది కాదో తేల్చేది వాళ్ళే. వాళ్ళ పట్టికలో ప్రతి దేశానికీ ఒక పరిచయం ఉంటుంది: ప్రభుత్వం, ప్రజలు, ఆర్థిక వ్యవస్థ, నేల. మా పరిచయాన్ని తిరగరాయడానికి కార్తీక పున్నమికి ఒక పరిశీలకురాలు వస్తుందట. ఆ రోజు పెద్దపోటు, ఏడాదిలోకెల్లా సముద్రం ఎత్తుగా లేచే రోజు. ఆ పోటులో దిబ్బ నడినెత్తి పొడిగా ఉంటే మేము దేశం. మునిగితే పట్టికలోంచి పేరు పోతుంది. మా చుట్టూ ఉన్న సముద్రాన్ని అడుగు తవ్వుకునే కంపెనీలకు వేలం వేస్తారు. మమ్మల్ని ఒడ్డునున్న కాలనీలకు పంచుతారు, ఊరికి ఒక ఇల్లు చొప్పున.

ఊరికి ఒక ఇల్లట. చేపలు వాటా వేసినట్టు.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

దిబ్బ కొలిచాను. కొలవకపోయినా బాగుండేది.

నా చిన్నప్పుడు పెద్దపోటు రోజున కూడా దిబ్బ మీద వలలు ఆరబెట్టేవాళ్ళం. నిరుడు అదే రోజున పిల్లలు అక్కడే మోకాళ్ళ లోతు నీళ్ళలో తైతక్కలాడారు. అందరం సముద్రాన్ని తిట్టుకున్నాం. తిట్టడానికి అది ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కదా. కానీ మా నిట్టాళ్ళ మీద నాచు గీతలు చూస్తే, నా బతుకులో సముద్రం పెరిగింది జానెడే. దిబ్బ దిగింది నిలువెత్తు. మరి మిగతా దిబ్బ ఏమైంది?

ఏమైందో పసిపిల్లను అడిగినా చెబుతుంది. కాల్చాం.

ఇదే మా ఆర్థిక వ్యవస్థ. సముద్రం తన చేత్తో కుప్పపోసిన గుల్లల గుట్ట ఈ దిబ్బ. ఊళ్ళు మునిగినప్పుడు మా వాళ్ళు పడవలు తెచ్చి కట్టుకున్నది దీనికే. గుల్ల తవ్వి, బట్టీలో కాల్చి, సున్నం చేసి కొత్తరేవు నగరానికి పంపుతాం. వాళ్ళు బియ్యం, మందులు, ఎండపలకలు పంపుతారు. ఆ సున్నంతో వాళ్ళు సముద్రానికి అడ్డంగా గోడ కట్టుకుంటున్నారు. పోయినసారి పరిచయంలో మండలి మమ్మల్ని మెచ్చుకుంది కూడా: ఎగుమతులు ఏటేటా పెరుగుతున్నాయని. కాళ్ళ కింద నేలను బస్తాల్లో నింపి అమ్ముకుంటుంటే పెరగక ఏం చేస్తాయి?

ఇసుక పోసి ఎత్తు చేద్దామని దానయ్య అన్నాడు. నడుంనొప్పి తగ్గినట్టుంది. మనుషులు పోసింది నేల లెక్కలోకి రాదని మండలి నియమం, పైగా ఆకాశంలో వాళ్ళ కన్ను ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. నేను ఏ చీర ఆరేశానో కూడా దానికి తెలుసు.

ఆశ్వయుజ పౌర్ణమి

సభ జరిగింది. నా మాట సగంలో తెగింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మా సభ ఆటు వేళ, దిబ్బ పాదాల దగ్గర ఇసుక తేలినప్పుడు మొదలవుతుంది. కూర్చోవడం లేదు, అందరూ నిలబడాలి. పోటు తిరిగి నీళ్ళు ఎక్కుతున్నకొద్దీ, ఎవరి మోకాలికి తగిలితే వాళ్ళు "తగిలింది" అని నోరు మూసుకోవాలి. ఎవరి మోకాలి సంగతి వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళు చెప్పకూడదు. అందరికన్నా పొడుగు మనిషి "తగిలింది" అంటే సభ ముగిసినట్టు. ఇన్నేళ్ళలో మోకాలి విషయంలో అబద్ధమాడినవాళ్ళు లేరు. పడవల దగ్గర ఆడతాం, పెళ్ళి చూపుల్లో ఆడతాం. సభలో మాత్రం ఆడం.

పొట్టివాళ్ళకు ఇది అన్యాయమని నేను పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నాను. మా దేశంలో అందరికన్నా పొడుగు మనిషి సూరాడ లచ్చన్న మావ. మా అమ్మ తమ్ముడు. బట్టీలన్నీ ఆయన చేతికిందివే. మీసాలకు ఎప్పుడూ సున్నం అంటుకునే ఉంటుంది. ఆయన మోకాలు నా తొడ మధ్యకు వస్తుంది, అందుకే ప్రతి సభలో చివరి మాట ఆయనదే.

"దిబ్బని మనమే కాల్చేసినాం. ఇవాళే బట్టీలు ఆర్పీయాల. ఉన్నదైనా మిగుల్తాది," అన్నాను.

మావ మొహం ఎర్రబడింది. "ఓలే అసిరీ, మా అయ్య కాల్చినాడు, నాను కాల్చినాను. ఆ సున్నవే నీకు బువ్వెట్టింది. ఇప్పుడు నానేటి, దొంగనా?"

"దొంగ అన్నేదు మావా. తిన్నది నానూ తిన్నాను. నాననేది ఏటంటే..."

సరిగ్గా అప్పుడు చల్లగా మోకాలికి నీళ్ళు తగిలాయి. గొంతు దాకా వచ్చిన మాట మింగి "తగిలింది" అన్నాను. ఆ తర్వాత మావ నీళ్ళు తన మోకాలికి వచ్చేదాకా తాపీగా మాట్లాడాడు. బట్టీ ఆరితే ముసలాళ్ళకు మందులెవరు తెస్తారన్నాడు, పిల్లలకు బియ్యమెవరిస్తారన్నాడు. అన్నీ నిజాలే. అందుకే మరీ కడుపు మండింది. సభ ఏమీ తేల్చకుండానే ముగిసింది.

ఆశ్వయుజ బహుళ సప్తమి

సున్నం పడవ వెంట కొత్తరేవు వెళ్ళాను. అక్కడి పెద్దలను కలిసి, బియ్యం ముందుగా పంపమని, సున్నం కొన్నాళ్ళు ఆపుతామని అడగాలనుకున్నాను. ఎవరూ కలవలేదు. కాపలా మనిషి రేవు దాటనివ్వలేదు.

"ఏ దేశం?" అన్నాడు.

"గుల్లదిబ్బ."

తన పలక మీద వెతికి, "కార్తీకం దాకానే చూపిస్తోంది," అన్నాడు. పాపం, వెటకారం చేయలేదు. ఉన్నది చెప్పాడు.

దించిన బస్తాల పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. కొబ్బరిచెట్టంత ఎత్తు గోడ. దాని వెనక తోటలున్నాయట, బళ్ళున్నాయట, జనం ఎండాకాలం సాయంత్రాలు ఐస్‌ తింటారట. చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా కాలని గుల్ల ముక్కలు గోడలో అక్కడక్కడ మెరుస్తున్నాయి. మా బట్టీలో తొందరపడి దించిన సరుకు. నా చిన్నప్పుడు నేను ఎక్కి జారిన గుట్ట అక్కడ నిలువుగా నిలబడి ఉంది. నాకు ఏడుపు రాలేదు, ఒట్టు. గోడను ఒక్క గుద్దు గుద్దాను. చెయ్యి వాచింది.

కార్తీక శుద్ధ దశమి

పరిశీలకురాలు దిగింది. పేరు బ్రిగిట. సన్నటి మనిషి, నిచ్చెన ఎక్కడం రాదు, అయినా ఎక్కుతానంటుంది. మెడలో ఒక మాటల బిళ్ళ ఉంది. ఆవిడ తన భాషలో మాట్లాడితే బిళ్ళ తెలుగులో పలుకుతుంది. ఏ కాలం తెలుగు నేర్పారో దానికి!

"తమ రాజ్యమునందు శాసనాధికారము ఎవరియందు నిక్షిప్తమై యున్నది?" అంది బిళ్ళ.

నేను కప్పు మీద ఉప్పు తుడుస్తున్నాను. కుచ్చు చూపించాను. ఆవిడ రాసుకుంది.

"ప్రజల ప్రధాన వృత్తి యేమి?"

"కొట్టుకోడం, కలిసిపోడం," అన్నాడు దానయ్య కింద నుంచి. అదీ రాసుకుంది. మంచి మనిషే. మా ఇంట్లోనే తింటోంది, మా పీతల పులుసుకు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ మళ్ళీ వేయించుకుంటోంది. కానీ నియమం దగ్గర మేకులా నిలబడుతుంది. రాత్రి భోజనాల దగ్గర నియమాలన్నీ చదివి వినిపించింది, వినిపించడం కూడా ఒక నియమమట. దిబ్బ నడినెత్తి మీద కొలకర్ర పాతాలి. పోటు నిండిన వేళ కర్ర చుట్టూ నీళ్ళుంటే నేల లేనట్టు. ఆ క్షణాన పేరు తీసేయాలి. దేశపు సభ కొలువై ఉంటే మాత్రం, అది ముగిసేదాకా ఆగాలి.

"మా సభ పోటులో ఉండదు తల్లీ. పోటొస్తే ముగిసిపోతాది," అన్నాను. మోకాలి నియమాలన్నీ చెప్పాను, రాసుకుంది.

ఆవిడ తల దించుకుంది. "మిక్కిలి విచారించుచున్నాను," అంది బిళ్ళ. ఆవిడ మొహం చూస్తే నిజంగానే విచారిస్తున్నట్టుంది. విచారం నాకెందుకు? నాకు దేశం కావాలి.

కార్తీక శుద్ధ చతుర్దశి

రేపు పెద్దపోటు. పొద్దు పొడిచేసరికి దిబ్బ పాదాలు మునిగి ఉంటాయి కాబట్టి నడినెత్తి మీదే సభ అని చాటించాను. దేనికీ అని అందరూ అడిగారు. దేశంగా ఉన్న ఆఖరి గంటలోనైనా బట్టీలు ఆర్పుతూ చట్టం చేసి పోదామని చెప్పాను. మా మనవలు ఏ కాలనీలో ఉన్నా, మా వాళ్ళు చివరికి సిగ్గు తెచ్చుకున్నారని వాళ్ళు అనుకోవాలి.

లచ్చన్న మావ బట్టీ దగ్గర నిలబడి విన్నాడు. బట్టీ వైపు తిరిగి పని చేసుకోసాగాడు. నా వైపు చూడను కూడా లేదు.

కార్తీక పౌర్ణమి

డబ్బాకు చెప్పగలిగినంత చెబుతాను.

పొద్దు పొడిచేసరికి దేశమంతా నడినెత్తి మీద ఉంది. చంకల్లో పిల్లలు, ముసలాళ్ళు కొడుకుల భుజాలు పట్టుకుని. మధ్యలో బ్రిగిట కొలకర్ర. నేను చట్టం చదివాను: ఈ రోజు నుంచి గుల్లదిబ్బలో గుల్ల కాల్చరాదు, సున్నం అమ్మరాదు. చదవడం అయిందో లేదో నీళ్ళు అంచు దాటి మా పాదాల మధ్యకు వచ్చాయి. పిల్లల మోకాళ్ళు, ఆ తర్వాత నావి. "తగిలింది" అన్నాను. వరసగా అందరూ అంటున్నారు. తగిలింది, తగిలింది. ఇంతమంది గొంతులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే వినడం చాలా కష్టం. ఆఖరికి మావ ఒక్కడే మిగిలాడు.

"సట్టం నాకు సమ్మతమే," అన్నాడు. మీసాలకు సున్నం లేదు. "బట్టీలు ఆర్పీసే ఒచ్చినాను. సముద్రం నీళ్ళు నా సేత్తోనే పోసీసినాను."

మాట్లాడుదామంటే నాకు మాట లేదు, నా మోకాలు మునిగి ఉంది. మావ ఇంకేదో చెప్పసాగాడు. వాళ్ళ అయ్య గురించి, మొదటి బట్టీ గురించి, ఏ పడవ ఎవరికి ఎందుకు అప్పగించారో దాని గురించి. నీళ్ళు ఆయన పిక్కలు దాటాయి. మోకాలు దాటాయి. అందరం చూస్తూనే ఉన్నాం. మావ మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు.

పోటు నిండింది. కొలకర్ర చుట్టూ అలలు. బ్రిగిట నడుము లోతులో నిలబడి, పలక గాలికి కొట్టుకుపోకుండా గుండెకు అదుముకుని, మావను అడిగింది. ఈ ఐదు రోజులూ మా మధ్య తిరిగి బిళ్ళకు మా యాస పట్టుబడింది. "బాబూ, సభ అయిపోనాదేటి?"

మావ కిందికి చూశాడు. నీళ్ళు ఆయన తొడల మీదికి వచ్చాయి. పంచె తేలుతోంది.

"నేదమ్మా," అన్నాడు. "నాకింకా మోకాలికి తగలనేదు."

మా సభలో మొదటి అబద్ధం అది. అయినా మెడ వంచలేదు. బ్రిగిట నా వైపు తిరిగింది. "ఏటమ్మా ఇది? తొడలదాకా ఒచ్చీసినాయి కదేటి?"

నాకు మాట లేదని సైగ చేశాను. చెయ్యి మావ వైపు చూపించాను. మా రాజ్యాంగంలో ఉన్నది అంతే: ఎవరి మోకాలి సంగతి వాళ్ళే చెప్పాలి. ఆ సంగతి ఆవిడ ఐదు రోజుల కిందటే రాసుకుంది కూడా. పలక తెరిచి, రాసి, పైకి చదివింది.

"నేల: లేదు. ప్రభుత్వం: సభలో ఉంది."

ఎవరో ఈల వేశారు. సభలో ఈల వేయకూడదు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మార్గశిర శుద్ధ ఏకాదశి

సభ నడుస్తోంది.

పోట్లు చిన్నవయ్యాయి, దిబ్బ మళ్ళీ తేలింది. మోకాళ్ళు ఆరాక మా మాట మాకు తిరిగొచ్చింది, కూర్చోవడానికీ ఒప్పుకున్నాం. సభ నడుస్తున్నట్టు లెక్కపడాలంటే సగం మంది ఎప్పుడూ దిబ్బ మీద ఉండాలని మండలి నియమం, కాబట్టి వంతులేసుకున్నాం. సభలోనే వంట. సభలోనే వలలు బాగు చేసుకోవడం. సభలోనే ఓ పెళ్ళి జరిగింది, పెళ్ళికొడుకు తాళి కట్టడానికి లేచి అనుమతి అడిగాడు. బియ్యం పడవ రావడం లేదు. చేపలూ, పీతలూ, నాచూ తింటున్నాం. పిల్లలు అన్నం అని ఏడుస్తున్నారు. ఆ ఏడుపు విన్నప్పుడు నా చట్టం నాకే చేదుగా ఉంటోంది. అయినా వెనక్కి తీసుకోను.

మావ దిబ్బ దిగడం లేదు. దిగితే సభ వదిలినట్టవుతుందని భయం. పెద్దపోటు రోజు నుంచి జ్వరం విడవలేదు. ఆ పొడుగు మనిషి మంచంలో పట్టక కాళ్ళు బయటికి చాపుకుని పడుకుంటాడు.

"తగిలిందని సెప్పీ మావా. సాలు," అన్నాను ఇవాళ. కాలనీలో ఆసుపత్రి ఉంటుందన్నాను. నేనే ఆ మాట అన్నానంటే నాకే నమ్మకం లేదు.

"నోర్ముయ్యే," అన్నాడు, ప్రేమగానే. "మా అయ్యా, నానూ దిబ్బనంతా మంట్లో ఏసీసినాం. ఈ మోకాలొకటి మిగిలింది. దీన్ని కూడా అమ్ముకోమంటావేటి?"

నాకు ఈసారి ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

పుష్య శుద్ధ తదియ

కొత్తరేవు నుంచి పడవ వచ్చింది. పడవలో బియ్యం లేదు, ఒక అధికారి ఉన్నాడు. గోడకు బీటలు పడుతున్నాయట, ఏటా పూసే సున్నం ఈ ఏడు రాలేదట. నాలుగు పడవల బియ్యం ఇస్తామన్నాడు, ఎనిమిది అన్నాడు. ఎండి బక్కచిక్కిన పిల్లల మొహాలు చూసి గొంతు తగ్గించి, పన్నెండన్నాడు. దిబ్బ మీద ఒక్కరూ చెయ్యి చాపలేదు. అన్నం కోసం ఏడ్చిన పిల్లలు కూడా.

అతని వెంటే మండలి కబురు కూడా వచ్చింది. బ్రిగిట పంపింది. ఆవిడ చేతిరాత కాదు, మండలి మాట: మీ సభ ఎప్పుడు ముగుస్తుందో తెలియజేయగలరు.

నేను సభనే అడిగాను. ఒక్కొక్కరూ చెప్పారు, నేను విన్నాను. చివరి మాట మావది. లేచి కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన చెప్పిందే నేను రాతభాషలో పెట్టి మండలికి పంపాను, కొత్తరేవు అధికారి ఎదుట చదివి వినిపించాను కూడా.

"కొత్తరేవు గోడలో ఉన్నది మా నేల. అది మాకు మళ్ళీ దక్కిన రోజున ముగుస్తుంది."